హాజరు మెడల్ కోసం జ్వరంతో బడికా?

సంపాదకులకు నమస్కారం.

మా పేటలోని ఒక ప్రైవేటు బడిలో ఏడాదంతా ఒక్క రోజూ మానని పిల్లలకు స్టేజీ ఎక్కించి మెడల్ వేస్తారు. చిన్న తరగతులకు ఈ పద్ధతి మాన్పించమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మనవడు అక్కడే యూకేజీ. దసరా సెలవుల తర్వాత జ్వరం పట్టుకుంది. మెడకు రెండు పక్కలా రేగిపళ్లంత బిళ్లలు కట్టాయి. పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బి ఉండేవి. టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ మీద తెల్లటి పొర. పెరుగన్నం కూడా మింగలేక ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చేవాడు. టైఫాయిడేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. కొత్తపేటలో పిల్లల డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించి, మోనోన్యూక్లియోసిస్ అన్నారు. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్‌తో వస్తుంది, ఎక్కువగా ఉమ్మి ద్వారా అంటుకుంటుంది. చాలామంది చిన్నపిల్లలకు మామూలు జలుబులా వచ్చిపోతుందట, మావాడికి గట్టిగా వచ్చింది. యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు, పైగా అమాక్సిసిలిన్ లాంటివి వేస్తే ఒళ్లంతా దద్దుర్లు రావచ్చన్నారు.

వాణ్ని పడుకోబెట్టి ఎడమ పక్కటెముకల కింద వేళ్లతో నొక్కి చూశారు. అక్కడుండే ప్లీహం (స్ప్లీన్) అనే అవయవం వాచింది. దెబ్బ తగిలితే చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి జ్వరం తగ్గినా కొన్ని వారాలు గెంతులు, ఆటలు వద్దని చీటీ రాసిచ్చారు. బడివాళ్లేమో ఫోన్ చేసి, "జ్వరం తగ్గిందిగా అమ్మా, అటెండెన్స్ పోతుంది, పంపించండి" అంటారు! చీటీ చూపించినా రిజిస్టరులో ఆబ్సెంటే. "నాకు మెడల్ రాదా నాయనమ్మా?" అని వాడు అడుగుతుంటే నా కడుపు తరుక్కుపోయింది. జబ్బు పడడం పసివాడి తప్పా?

ఆ మెడల్ కోసం పొద్దున్నే పారాసెటమాల్ సిరప్ పట్టించి ఆటో ఎక్కిస్తున్నవాళ్లు ఉన్నారు. మందు దిగిపోయాక, మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతూ బెంచీ మీద తలవాల్చిన పిల్లల్ని నేనే చూశాను. మిర్చి యార్డు పనికి వెళ్లే తల్లి ఇంట్లో ఎలా ఉండగలదు? ఆమెను నేనేమీ అనను. మెడల్ ఆశ చూపించే బడినే అంటాను.

ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ పక్కు కట్టేదాకా, గవదబిళ్లలైతే వాపు మొదలయ్యాక ఐదు రోజులదాకా పిల్లలు ఇంట్లోనే ఉండాలి. మావాడికి వచ్చిన మోనోన్యూక్లియోసిస్ సంగతి వేరు. వైరస్ ఉమ్మిలో నెలల తరబడి ఉండొచ్చు, అన్నాళ్లూ బడి మాన్పించలేం. ఒంట్లో ఓపిక వచ్చాక పంపొచ్చు. కాకపోతే వాటర్ బాటిళ్లు, స్పూన్లు ఒకరివి ఒకరు వాడకుండా టీచర్లు చూడాలి, డాక్టరు సరేననేదాకా పీఈటీ సారు ఆ పిల్లాణ్ని ఆటలకు దింపకూడదు.

ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా హాజరు బహుమతులు ఆపాలని, డాక్టరు చీటీ ఉంటే మెడికల్ లీవుగా రాయాలని జిల్లా విద్యాశాఖాధికారి అన్ని బడులకూ చెప్పాలి. వార్షికోత్సవాలు దగ్గర పడుతున్నాయి. మెడల్స్‌కు ఆర్డర్ ఇచ్చేలోపే ఆ మాట చేరాలని కోరుతున్నాను.

– ఒక నాయనమ్మ, కొరిటెపాడు, గుంటూరు