టవర్ల లెక్క, పక్షుల లెక్క పక్కపక్కన పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారమండి,

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయని వాట్సాప్‌లో ఒకటే ఫార్వర్డులు. మా ఊళ్ళో నేను చూసింది వేరండి. చిన్నప్పుడు కోతలవ్వగానే తాతయ్య వరి కంకులు కుచ్చుగా అల్లి వసారా దూలానికి కట్టేవారు, పిచ్చుకల గోలకే మెలకువొచ్చేది, తర్వాత పెంకుటిల్లు తీసేసి స్లాబు వేశాం, గూటికి సందు లేదు, చేలల్లో మందులు కొట్టీ కొట్టీ పిల్లల నోట్లో పెట్టడానికి పురుగూ లేదు, సగం చేలు రొయ్యల చెరువులయ్యాయి. పిచ్చుకలు అప్పుడే పోయాయి, టవరు ఆ తర్వాతే వచ్చింది.

అలాగని టవర్ల వల్ల ఏమీ కాదని కొట్టిపారేయడమూ తప్పే. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీలో చెక్క గదుల్లో ఉంచిన రాబిన్ పిట్టలు వలస దిక్కు పోల్చుకోలేకపోయాయి, గదులకి అల్యూమినియం రేకు కొట్టి ఎర్తింగ్ ఇస్తే మళ్ళీ దిక్కు పట్టుకున్నాయి, 2014లో నేచర్ పత్రికలో వచ్చింది ఇది. ఆ రేకు అడ్డుకున్నవి ఏఎం రేడియో, కరెంటు సామాన్ల నుంచి వచ్చే తరంగాలు, సెల్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీ అంతకన్నా చాలా ఎక్కువ, కాబట్టి టవర్లకి దీన్ని రుజువుగా చూపించలేం. కానీ చలికాలం ఎక్కడెక్కడి నుంచో దిక్కు వెతుక్కుంటూ మన కోరంగి మడ అడవులకి వచ్చే పక్షుల కోసమైనా ఒకసారి చూడాలి కదండి.

చూడమని కేంద్ర పర్యావరణ శాఖ ఎప్పుడో చెప్పింది. 2010లో కమిటీ వేసి, 2012 ఆగస్టులో రాష్ట్రాలకి సలహాలు పంపింది. పాత టవరుకి కిలోమీటరు లోపు కొత్తది పెట్టనివ్వొద్దని, టవర్లు ఎక్కడున్నాయో ఏ ఫ్రీక్వెన్సీయో జనానికి తెలిసేలా పెట్టాలని, మ్యాపు తయారుచేసి చుట్టుపక్కల పక్షులు తేనెటీగలు ఎలా ఉన్నాయో గమనించాలని అందులోనే ఉంది. మా ఊరి టవరు గురించి అడిగితే సరిగ్గా ఏ సంవత్సరం పెట్టారో కూడా చెప్పేవాళ్ళు లేరు. కొబ్బరి తోటల్లో తేనెపట్లు అంతకుముందు ఎన్ని ఉండేవో ఎవరూ రాసిపెట్టలేదు, ఇప్పుడు తగ్గాయో లేదో ఎలా తేలుతుందండీ?

కోరంగిలో జనవరిలో నీటి పక్షుల్ని లెక్కపెడతారు కదా, ఆ లెక్కల పక్కన టవర్ల మ్యాపు కూడా పెట్టమని అటవీ శాఖ వారిని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. మా తోటల్లో తేనెపట్లు ఎన్నున్నాయో ఈ సంక్రాంతి నుంచి నేను నోట్‌బుక్‌లో రాస్తాను, ఆ లెక్క ఎవరికి ఇవ్వాలో చెబితే చాలు.

- ఒక కొబ్బరి రైతు, కోనసీమ