కాపీ బుక్కు చూసి ‘సి’ గ్రేడు వేస్తారా?

సంపాదకులు గారికి నమస్కారం.

మా మనవరాలికి నాలుగేళ్ల మూడు నెలలు. తిరుపతిలో ఓ ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ. మొన్న పేరెంట్స్ మీటింగుకు కోడలితో నేనూ వెళ్లాను. ప్రోగ్రెస్ కార్డులో ‘మోటార్ స్కిల్స్’ (కాళ్లూ చేతులూ వేళ్లూ కదిలించే నేర్పు) దగ్గర ‘సి’ వేశారు. ఎట్లా చూశారమ్మా అంటే, మేడం నాలుగు గీతల కాపీ బుక్కు తెరిచి చూపించింది. అక్షరాలు గీత దాటిపోతున్నాయట. అంతే పరీక్ష! కోడలికి ఆ రాత్రంతా టెన్షన్.

నేను చంద్రగిరి మండలంలో 27 ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆదివారం పిల్లను మా ఊరికి తెచ్చుకున్నాను. పొద్దున వాకిట్లో ముగ్గేస్తూ దాని చేతికీ కాస్త పిండి ఇచ్చాను. బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టి, సన్నగా జారవిడుస్తూ చుక్క నుంచి చుక్కకు గీత లాగింది. వంకరగానే వచ్చింది గానీ ఎక్కడా తెగలేదు. “అవ్వా, చూడు!” అని గంతులు. సున్నా చుట్టమంటే చుట్టింది, కూడిక గుర్తు చూసి వేసింది. ఆ వయసుకు వేళ్లతో అంత చేస్తే చాలు. గౌను గుండీలు తనే విప్పుకుంది, ఒంటికాలి మీద కుంటుతూ గేటు దాకా పోయింది.

బంతి వేస్తే మాత్రం పట్టలేదు. రెండు చేతులూ చాచి, కళ్లు గట్టిగా మూసేసుకుంది. ఎవరైనా విసిరితే కదా పట్టడం వచ్చేది! స్కూలేమో మూడో అంతస్తు, ఇల్లేమో అపార్టుమెంటు. కార్డులో బంతి ఊసే లేదు.

చూసి కనిపెట్టడం నాకూ పుట్టుకతో రాలేదు. మా సెంటర్లో ఒక బాబు ఎప్పుడూ మునివేళ్ల మీదే నడిచేవాడు. ముద్దుగా ఉందనుకున్నాం. గడప దాటాలంటే ప్రతిసారీ గోడ పట్టుకుంటున్నాడని మా ఆయా చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆరోగ్య బృందం వచ్చినప్పుడు చూపిస్తే పెద్దాసుపత్రికి రాసిచ్చారు.

ఆ బృందం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమానిది. అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు వచ్చి, జబ్బులతోపాటు ఎదుగుదలలో ఆలస్యం ఉందేమో కూడా చూడాలి. ఆరేళ్లు దాటాక ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లలో ఏడాదికోసారి. మరి ప్రైవేటు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలో? వాళ్ల దగ్గరికి ఎవరూ రారు. ఫీజు కడితే కాళ్లూ చేతులూ వాటంతటవే సరిగ్గా ఎదుగుతాయా?

జిల్లా అధికారులు ఈ స్కూళ్లకూ బృందాన్ని పంపాలి. అది కుదిరేలోపు, టీచర్లను ఒక పూట మంచి అంగన్‌వాడీలో కూర్చోబెట్టినా మేలే. పిల్లలు మెట్లెక్కేటప్పుడు, చెప్పులు వేసుకునేటప్పుడు, అన్నం కలుపుకునేటప్పుడు చూడమనండి. కాపీ బుక్కుకు యూకేజీలో బోలెడు టైముంది.

ఆ కార్డు మీద మా అబ్బాయి సంతకం పెట్టి పంపాలట. పెట్టొద్దన్నాను. ముందు మేడం పిల్లను కిందికి తీసుకెళ్లి నాలుగుసార్లు బంతి వేసి చూడాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచరు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా.