ఆ ఏడు రోజుల సంగతి ఎందుకు రాయలేదు?

ఎడిటర్ గారికి,

గర్భనిరోధక మాత్రల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. రోజూ ఒకే వేళకు వేసుకోండి, మర్చిపోవద్దు అని నాలుగుసార్లు చెప్పారు గానీ ఎందుకో, ఏ మాత్ర మర్చిపోతే ఎక్కువ ప్రమాదమో ఒక్క ముక్క రాయలేదు.

నేను వీటిని ఆరేళ్లు వాడాను. ఏ రోజు మాత్ర ఆ రోజుకే పనిచేస్తుందేమో అనుకునేదాన్ని. కాదట. వీటిలో ఉండే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ హార్మోన్లు రోజూ ఒంట్లోకి వెళ్తుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లను తగ్గించేస్తుంది, దాంతో అండం ఎదగదు, విడుదల కాదు. ఇక గర్భం ఎలా వస్తుంది? పైగా ప్రొజెస్టిన్ వల్ల గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలు లోపలికి వెళ్లడం కష్టమవుతుంది.

అసలు సంగతి షీటులోని 21 హార్మోన్ మాత్రలు అయిపోయాక వాటిని ఆపే 7 రోజులు. కొన్ని షీట్లలో అప్పుడు హార్మోన్ లేని మాత్రలో, ఐరన్ మాత్రలో ఉంటాయి. ఆ వారంలో వచ్చే బ్లీడింగ్ మామూలు నెలసరి కాదు, హార్మోన్ ఆగినందుకు వచ్చేది, అంతే. నాకది తెలియడానికే రెండేళ్లు పట్టింది! అయితే ఆ వారంలో పిట్యూటరీ మెల్లగా మేలుకుంటుంది, అండాశయంలో కదలిక మొదలవుతుంది. ఏడో రోజు దాటగానే కొత్త షీటు మొదలుపెడితే మళ్లీ అణిగిపోతుంది. ఊరు వెళ్లో, షీటు కొనడం మర్చిపోయో ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యం చేశామా, అండం విడుదలయ్యే అవకాశం పెరుగుతుంది. కాబట్టి షీటు మధ్యలో ఒకటి మర్చిపోవడం కన్నా కొత్త షీటు ఆలస్యం చేయడమే ఎక్కువ ప్రమాదం, మనవాళ్లేమో మధ్యలో ఒకటి పోతేనే టెన్షన్ పడతారు.

ఒక మాత్ర మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని మిగతావి మామూలుగా కొనసాగిస్తే చాలు. వరసగా రెండు, అంతకన్నా ఎక్కువ పోతే చివరగా మర్చిపోయినది వేసుకుని, వరసగా 7 రోజులు మాత్రలు పడేదాకా కండోమ్ వాడాలి. అది మూడో వారంలో జరిగితే ఖాళీ వదలకుండా నేరుగా కొత్త షీటు మొదలుపెట్టాలి.

ఇంకొకటి, 35 దాటి సిగరెట్ తాగేవాళ్లు, రక్తం గడ్డకట్టే సమస్య, బాగా ఎక్కువ బీపీ, కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవాళ్లు ఇవి వాడకూడదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, కొన్ని మూర్ఛ మందులు వీటి పని తగ్గించేస్తాయి, అవి రాసిన డాక్టరుకు ఈ మాత్రల సంగతి చెప్పి తీరాలి. మీ వ్యాసంలో ఇదీ లేదు. రేపటి పేజీలో చిన్న పెట్టె కట్టి అయినా వేయండి.

– ఒక పాఠకురాలు