ఆ 25 మార్కులు దేనికి?

సంపాదకుడు గారికి,

పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరి కోసం ఆరు నెలల కోర్సు తయారుచేసింది. ఎనిమిది యూనిట్లు, 50 లెక్చర్లు. 100 మార్కుల్లో 25 ఫీల్డ్ వర్క్‌కే. చెరువో, చెత్తకుప్పో కళ్లారా చూసి రాయాలన్నది ఉద్దేశం.

మా అమ్మాయి బీకాం చదువుతోంది. పరీక్షకు రెండు రోజుల ముందు గైడు కొని, ఓజోన్ పొర లాంటి పది ప్రశ్నలు బట్టీపట్టి పాసైంది. ప్రాజెక్టు రికార్డు జిరాక్స్ షాపులోనే దొరికింది. అట్ట మీద పేరు మారిస్తే చాలట! వాళ్ల కాలేజీ వెనకే మురుగు కలిసే చెరువుంది. దాని గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

పిల్లల్ని తప్పుపట్టలేను. లెక్చరర్లనూ అనలేం. క్లాసులు తక్కువున్న వారి నెత్తిన ఈ పేపరు పడుతుంది. నూటయాభై రికార్డులు ఒక్కరే ఎలా చదువుతారు? అయిదుగురికో స్థానిక సమస్య ఇచ్చి, ఒక్కో జట్టును పది నిమిషాలు ప్రశ్నిస్తే అయిదు గంటల్లో పని అయిపోతుంది. 'చెరువుకి ఎన్నిసార్లు వెళ్లారు? గట్టు మీద ఎవరితో మాట్లాడారు?' అని అడిగితే జిరాక్స్ రికార్డు ఆదుకోదు. రాత పరీక్షలో కూడా పుస్తకం చూసి రాసే ప్రశ్న ఒక్కటైనా ఉండాలి, గైడులో జవాబు దొరకనిది.

వచ్చే సెమిస్టర్ ప్రశ్నపత్రాలు తయారయ్యేలోపే విశ్వవిద్యాలయాల్లో సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులు దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తండ్రి, తెనాలి