0-0 అయినా కీపర్ పేరు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా జిల్లా ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఫైనల్ వార్త మీ స్పోర్ట్స్ పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. ఆట 0-0, పెనాల్టీల్లో 4-3, ఆ తర్వాత కప్పు ఇచ్చిన పెద్దల పేర్లు ఐదు. (ఫొటోలో కప్పు కంటే వాళ్లే ఎక్కువ కనపడ్డారు, సరే అది వేరే సంగతి.) ఆటంతా బంతి లోపలికి పోనివ్వకుండా కాపలా కాసి, పెనాల్టీల్లో కూడా రెండు ఆపిన పిల్లాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ మ్యాచ్ నేను గోల్ వెనకాల గట్టు మీద కూర్చుని చూశాను. వాడి కుడి గ్లవ్ బొటనవేలు దగ్గర చిరిగిపోతే సైకిల్ ట్యూబు ముక్క అంటించుకున్నాడు, రెండో పెనాల్టీ సరిగ్గా ఆ ముక్కకే తగిలి బయటికి పోయింది.

నేనూ కాలేజీ రోజుల్లో కీపర్నే. మోచేతుల మీద కంకర గ్రౌండ్ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆ తర్వాత బతుకుదెరువుకి మస్కట్ వెళ్లి, రువీలో స్టోర్‌కీపర్‌గా పదకొండేళ్లు చేశాను. మా ఆవిడ "అక్కడా ఇక్కడా కీపర్ ఉద్యోగమేనా" అని నవ్వేది. జాన్ బరిడ్జ్ అనే ఆయన గురించి నాకు తెలిసింది అక్కడే, ఒమన్ గోల్‌కీపర్లకు ఆయన కోచ్‌గా చేశాడు.

బరిడ్జ్ ఇంగ్లండ్ మనిషి, 1951లో వర్కింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి బొగ్గు గని కార్మికుడు. సొంత ఊరి క్లబ్బుతో మొదలుపెట్టి, 1997 దాకా సంతలు తిరిగే వ్యాపారిలా దాదాపు ముప్పై క్లబ్బులకు ఆడాడు. బ్లాక్‌పూల్, ఆస్టన్ విల్లా, క్రిస్టల్ ప్యాలెస్, వుల్వ్స్, షెఫీల్డ్ యునైటెడ్, సౌతాంప్టన్, న్యూకాజిల్, స్కాట్లండ్‌లో హిబర్నియన్, ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ రాస్తే మీ పేజీ చాలదు. ఇంగ్లండ్ జట్టుకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. షిల్టన్, క్లెమెన్స్ లాంటి పెద్ద కీపర్లున్న కాలం మరి, ఉన్న చోటు ఒక్కటే.

ఇన్ని క్లబ్బులు తిరిగాడంటే నిలకడ లేని మనిషి అనుకుంటారు, అసలు కారణం అది కాదు. ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడు, బాగా ఆడకపోతే అరవయ్యో నిమిషంలో మార్చి ఇంకొకణ్ని దింపుతారు, రెండో ఫార్వర్డ్‌కి వారానికి ఇరవై నిమిషాలైనా దొరుకుతుంది. కీపర్ని అలా ఎవరూ మార్చరు. మొదటి కీపర్‌కి వేలు విరిగితేనో, ఎర్ర కార్డు పడితేనో తప్ప రెండోవాడికి ఆట లేదు, అందుకే ఏ క్లబ్బులో కీపర్ దెబ్బ తిన్నాడో తెలిస్తే చాలు, సంచి సర్దుకుని పోవాల్సిందే, నెల రోజులకైనా సరే, మూడు మ్యాచ్‌లకైనా సరే. ఇంకొకడి దెబ్బ మీద తన అన్నం. ఈ టెన్షన్‌లో ఆయన దాదాపు ముప్పై ఏళ్లు బతికాడు.

పిచ్చి కూడా ఉండేదనుకోండి. గ్లవ్స్ వేసుకునే పడుకునేవాడట. టీవీ చూస్తుంటే భార్య ఉన్నట్టుండి పండ్లు విసరాలి, ఈయన పట్టుకోవాలి, ఇదంతా ఆయన చెప్పుకున్నదే. మ్యాచ్‌కి ముందు గ్రౌండ్‌లో పల్టీలు కొట్టి, చేతుల మీద నడిచి జనాన్ని నవ్వించేవాడు. కానీ 1977లో ఆస్టన్ విల్లా లీగ్ కప్పు గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది ఆయనే, పద్నాలుగేళ్ల తర్వాత 1991లో హిబర్నియన్ స్కాటిష్ లీగ్ కప్పు గెలిచినప్పుడూ ఆయనే. అప్పటికి నలభై నిండడానికి నెల పైచిలుకు మాత్రమే ఉంది.

నాకు బాగా నచ్చిన ముచ్చట 1995ది. ఆ ఏడాది ఆయన న్యూకాజిల్‌లో గోల్‌కీపర్ల కోచ్. మాంచెస్టర్ సిటీకి కీపర్ల కొరత వచ్చి ఈయన్ని పెట్టుకుంటే, సబ్‌స్టిట్యూట్‌గా దిగాల్సి వచ్చిన మ్యాచ్ న్యూకాజిల్ మీదే! జీతం ఇచ్చేవాళ్ల మీద ఆడి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మే 14న క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద మళ్లీ ఆడేనాటికి వయసు 43 ఏళ్ల 162 రోజులు. ప్రీమియర్ లీగ్‌లో అంత పెద్ద వయసులో ఆడినవాడు ఇంకొకడు లేడు.

ఆట ఆగిపోయాక మాత్రం మనిషి కుప్పకూలాడు. డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది, ఆ సంగతి ఆయన దాచుకోలేదు కూడా. తర్వాత ఒమన్ వచ్చాడు. అక్కడ అలీ అల్ హబ్సీ అనే కుర్రాడు కంటపడ్డాడు. ఎయిర్‌పోర్టులో ఫైర్‌మన్‌గా చేసిన పిల్లాడు. ఆ పిల్లాడు నార్వే మీదుగా ఇంగ్లండ్ చేరి బోల్టన్‌కి, విగన్‌కి ఆడాడు. 2009 జనవరిలో మస్కట్‌లో జరిగిన గల్ఫ్ కప్పులో ఒమన్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఫైనల్లో సౌదీతో 0-0, పెనాల్టీల్లో గెలిచింది. ఆ రాత్రి రువీలో కార్ల హారన్లు తెల్లారేదాకా ఆగలేదు, మా రూములో కరీంనగర్ వాళ్లు, కడప వాళ్లు, ఫుట్‌బాల్ ఏంటో తెలియని వాళ్లు కూడా రోడ్డెక్కారు. అందరి నోటా ఒకటే పేరు, హబ్సీ. గోల్ కొట్టినవాడు ఎవరూ లేడు కదా, ఆ రోజు కీపర్ పేరు చెప్పక తప్పలేదు!

మన దగ్గరా అంతే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనకి స్వర్ణం వచ్చిన ఫైనల్ గురించి రాస్తే కోచ్ రహీం సాబ్ పేరుంటుంది, గోల్స్ కొట్టిన పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ ఉంటారు. గోల్‌లో నిలబడ్డ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడని మీ ఆఫీసులో ఎంతమందికి గుర్తుందో అడిగి చూడండి. మా జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడితే మీరు చక్కగా వేశారు, సంతోషం, కాదనను. ఆమె ఫార్వర్డ్.

నేను అడిగేది పెద్దదేం కాదు. క్రికెట్ స్కోరు కార్డులో బై పరుగులకి కూడా చోటు ఇస్తారు, ఎల్బీడబ్ల్యూ అయినవాడి పేరు కూడా వేస్తారు. ఫుట్‌బాల్ ఫలితం వేసేటప్పుడు రెండు జట్ల కీపర్ల పేర్లు కూడా వేయండి, రెండు మాటలే కదా. ఓడిన జట్టు కీపర్ పేరు కూడా వేయండి, ఐదు గోల్స్ ఇచ్చినా సరే, పదిహేను ఆపి ఐదు ఇచ్చాడేమో ఎవరికి తెలుసు. చోటు లేదంటారేమో, కప్పు ఇచ్చినవాళ్లలో ఒకరిద్దరిని తగ్గించండి, వాళ్లేం అనుకోరు (అనుకుంటారు, అయినా తగ్గించండి).

ఆ ట్యూబు ముక్క పిల్లాడి పేరు కావాలంటే చెప్పండి. వాళ్ల పీఈటీ సార్‌ని అడిగి రాసి పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక పాత గోల్‌కీపర్, నిజామాబాద్