ఇంట్లో ప్రార్థన మానొద్దు

ఎడిటర్ గారికి నమస్కారమండి,

క్రిస్మస్, ఈస్టర్ వచ్చినప్పుడు మీ పేపర్లో చర్చిల ఫోటోలు బాగా వేస్తారు, సంతోషం. మిగతా రోజుల్లో మా క్రైస్తవుల ఇళ్ళల్లో ప్రార్థన ఎట్లా తగ్గిపోతుందో కూడా ఎవరైనా రాయాలి కదా అని ఇది రాస్తున్నా. మా గుంటూరు వైపు ఒకప్పుడు రాత్రి అన్నాలకి ముందు విశ్వాసుల ఇళ్ళల్లోంచి కీర్తనలు వినపడేవి. ఇప్పుడు టీవీ సీరియల్, లేకపోతే ఫోన్లో లైవ్‌లో ఎవరో పాస్టర్ గారి ప్రసంగం. లైవ్ తప్పని నేననను, మంచం మీదున్న పెద్దవాళ్ళకి అదే చర్చి. కానీ కింద కామెంట్లో ఆమెన్ అని కొట్టేసి, పాస్టర్ గారికి వాట్సాప్‌లో ఒక ప్రేయర్ రిక్వెస్ట్ పడేసి ఇవాళ్టికి ప్రార్థన అయిపోయిందనుకుంటున్నాం చూడండి, నా బాధంతా దాని గురించే. మన బిడ్డ పరీక్ష గురించి మనం నోరు తెరిచి దేవుణ్ణి అడక్కుండా అన్నీ పాస్టర్ గారే అడగాలంటే ఎట్లా?

1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి నుంచి వచ్చిన సంఘంలో, మొట్టమొదటి భారతీయ బిషప్. తమిళాయన, తెలుగు నేర్చుకుని ఎడ్లబండి మీద మన పల్లెలు తిరిగారు. అప్పట్లో అక్కడి విశ్వాసులు ఎక్కువమంది కూలి చేసుకునేవాళ్ళు, చదువు రాదు, పగలంతా పొలంలో పనిచేసొచ్చి సాయంత్రం కూడుకుని పాటలు, ప్రభువు ప్రార్థన నోటికి నేర్చుకునేవాళ్ళు. వాళ్ళకి దొరికిన టైము మనకెందుకు దొరకదో నాకర్థం కాదు.

గంటసేపు చెయ్యమని కాదండి, పిల్లలు నిద్రపోతారు. ఒక కీర్తన, బైబిల్లో పది వచనాలు, తర్వాత ఇంట్లో తలా ఒక మాట. ప్రార్థన ఆడవాళ్ళ డ్యూటీ అన్నట్టు మగాళ్ళు టీవీ ముందు కూర్చోకూడదు, తండ్రి మోకాళ్ళ మీద ఉంటే పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. పిల్లల్ని కూడా వాళ్ళ మాటల్లోనే చెయ్యనివ్వండి. మా మనవడు మొన్న "ప్రభువా, మా ఆటో తాతకి మోకాలు నొప్పి తగ్గించు, రేపు డిక్టేషన్‌లో నాకు తప్పులు రానీకు" అన్నాడు. వాళ్ళ నాన్న నవ్వబోతే నేను చెయ్యి పట్టి ఆపాను, ఎందుకంటే కంఠతా పట్టిన పెద్ద పెద్ద మాటలకంటే ఆ పిల్లాడి ప్రార్థనే నిజమైంది, ఆటో నడిపే మనిషి నొప్పి వాడికి గుర్తుంది. మర్నాడు ఆటో ఎక్కగానే తగ్గిందా తాతా అని అడిగాడంట కూడా.

పాస్టర్ గార్లకి నాదొక మనవి, ఆదివారం ఆరాధన అయ్యాక ఆ వారం ఇంట్లో చదువుకోవాల్సిన వాక్యభాగాలు చెప్పి పంపండి, వచ్చే ఆదివారం పిల్లల్ని అడగండి. ఎడిటర్ గారూ, మీరు కూడా పండగలప్పుడే కాకుండా అప్పుడప్పుడు ఇంటి ప్రార్థన గురించి ఒక చిన్న వ్యాసం వేయిస్తే మాలాంటి వాళ్ళం కత్తిరించి బైబిల్లో పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు