తొలి కథకు రెండు వందల మాటలు చాలు

సంపాదకులకు నమస్కారం.

రాయాలన్న కోరిక తమలో ఉందని చాలామంది గుర్తించేది కథల పోటీ ప్రకటన చూశాకే. గడువు దగ్గర పడుతుంటుంది, అడిగిందేమో పదిహేను వందల మాటలు. ఎన్నడూ కలం పట్టనివారు ఒక్కసారిగా అంత రాయబోతే సగంలో చేయి ఆగిపోతుంది. ఇక మనకు రాదులే అనుకుని వదిలేస్తారు. వాళ్లు ఎత్తుకున్న బరువు పెద్దది, అంతే.

మొదట రెండు వందల మాటల్లో ఒక్క సంఘటన రాయాలి. రూళ్ల నోటు పుస్తకంలో అది ఒకటిన్నర పేజీ. మనుషులు ఇద్దరు, చోటు ఒకటి, సమయం పావుగంట. తెల్లవారడం, కోడి కూయడంతో మొదలుపెడితే మాటలన్నీ అక్కడే అయిపోతాయి. చాలా తొలి కథల్లో మొదటి పేరా కొట్టేస్తే కథ అసలు చోట మొదలవుతుంది.

ఎక్కువగా కనబడే తప్పు, బాధకు పేరు పెట్టి ఊరుకోవడం. ‘రైతు నిస్సహాయంగా కుమిలిపోయాడు’ అంటే చదివేవారికి ఏమీ కనబడదు. ‘అప్పు కాయితం మీద వేలిముద్ర వేసి, బొటనవేలికి అంటిన సిరాను తలకు రాసుకున్నాడు’ అంటే మనిషి కళ్ల ముందు నిలబడతాడు. ఇందులో బాధ అన్న మాటే లేదు.

రెండోది సంభాషణ. అనంతపురం అవ్వ ‘నీవు ఎక్కడికి వెళ్లుచున్నావు’ అనదు, ‘యాడికి పోతాండావురా’ అంటుంది. కరీంనగర్‌లో అయితే ‘ఏడికి పోతున్నవ్‌రా’. మాండలికం రాస్తే పత్రిక వేసుకోదన్న భయం ఇంకా చాలామందిని పట్టి పీడిస్తోంది. ఆ భయం అక్కర్లేదు. అయితే మొదటి పేజీలో యాసలో మాట్లాడిన అవ్వ మూడో పేజీకి వచ్చేసరికి వార్తలు చదివినట్టు మాట్లాడకూడదు. గట్టిగా చదువుకుంటే ఈ లోపం చెవికి తగులుతుంది. ‘చేయబడెను’, ‘ఇవ్వబడినది’ లాంటివీ అప్పుడే దొరుకుతాయి.

రాసిన వెంటనే పంపకూడదు. వారం పాటు పక్కన పెట్టి తీస్తే, రాసేటప్పుడు మనసులోనే ఉండిపోయి కాగితం మీదికి రానిదేమిటో తెలుస్తుంది. చివర్లో పెద్దాయన చెప్పే నీతి వాక్యం, ‘ఇదంతా కలా’ అంటూ ఉలిక్కిపడి లేవడం తీసేయవలసినవే.

పంపడంలోనూ చిక్కులున్నాయి. ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైపు చేసినది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలుగా కనబడుతుంది. యూనికోడ్‌లో (ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షర పద్ధతిలో) పంపితే ఆ బెడద ఉండదు. కథ సొంతమని, అనువాదమో అనుసరణో కాదని, వేరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేయాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను అచ్చయినట్టే లెక్కించే పత్రికలున్నాయి కాబట్టి ముందే అక్కడ పెట్టుకోకపోవడం మేలు.

మీకు మా విన్నపం ఇది. ఆదివారం అనుబంధంలో పావు పేజీని, ఇంతవరకు ఒక్క రచనా అచ్చుకాని వారి రెండు వందల మాటల కథకు కేటాయించండి. మాటల పరిమితి, ఫాంటు, ఎన్నాళ్లలో జవాబిస్తారన్నది ప్రకటనలోనే చెప్పండి. తిప్పి పంపే కథకు కారణం ఒక్క వాక్యంలో రాయండి. ‘మొదటి పేరా తీసేసి మళ్లీ పంపండి’ అన్నా చాలు.

– కొత్తవారి కథలు చదివి దిద్దే కొందరం